పెన్షన్ డబ్బు, గమేలాల భూమి: కాగితం చూపించాల్సింది ఎవరు?

ప్రశ్న: నమస్కారమండీ. నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను, అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఉద్యోగంలో చేరినప్పుడు హెచ్ఆర్ వాళ్లు ఇచ్చిన ఫారాల మీద సంతకాలు పెట్టేశాను. అప్పటి నుంచి ప్రతి నెలా జీతంలో కొంత టీఐఏఏ అనే పెన్షన్ కంపెనీలోని రిటైర్‌మెంట్ ఖాతాకి పోతోంది. అందులో ఏముందో ఏనాడూ చూడలేదు. ఈ సెమిస్టర్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థిని ఒకమ్మాయి పియౌయీ రాష్ట్రంలో సోయా సాగు మీద ప్రాజెక్టు చేసింది. పీఠభూమి మీద సోయా పొలాలు, వాటి కింద లోయల్లో గమేలా అనే ఆదివాసుల ఊళ్లు మ్యాపులో చూపించింది. ఆ పొలాల్లో కొన్ని విదేశీ పెన్షన్ ఫండ్లవని చెప్పింది. క్లాసు అయ్యాక నా దగ్గరకొచ్చి, "మన యూనివర్సిటీ పెన్షన్ కంపెనీ కూడా అక్కడ భూములు కొన్నది మేడమ్" అంది. ఆ రోజు నుంచీ ఒకటే టెన్షన్. మావారేమో "నీ వాటా ఎంతని, సముద్రంలో కాకిరెట్ట" అంటారు. మా నాన్నగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో చెబితే "కాగితాలు పక్కాగా ఉంటే తప్పేముందమ్మా, కొన్నవాడిదే భూమి" అన్నారు. నాకింకా టెన్యూర్ రాలేదు, అంటే ఉద్యోగం పర్మనెంట్ కాలేదు, గ్రీన్‌కార్డూ రాలేదు. ఆ డబ్బు తీసేసుకోవాలా? ఎవరికైనా విరాళం పంపితే సరిపోతుందా? ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?

సమాధానం:

నమస్కారం. డబ్బు తీసేసుకోమని చెప్పను. ఊరుకోమని అసలే చెప్పను. ముందు మీ నాన్నగారి మాట దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. కాగితాలు పక్కాగా ఉంటే తప్పేముంది అన్నారు ఆయన. ఆ కాగితాలు ఎప్పుడు పుట్టాయి, ఎలా పుట్టాయి, అవి పుట్టే నాటికి ఆ భూమి మీద ఎవరున్నారు అని అడగడం ఆయనకు వచ్చినంత బాగా మీ పెన్షన్ కంపెనీ ఆఫీసులో ఎవరికీ రాదు. రెవెన్యూలో పనిచేసినాయన కదా, లింకు డాక్యుమెంట్లు ఎలా తిరగేయాలో ఆయనకు చెప్పాలా!

ముందు ఆ ప్రాంతం గురించి కాస్త చెప్పనివ్వండి. బ్రెజిల్ అనగానే మనకు అమెజాన్ అడవి గుర్తొస్తుంది. దానికి తూర్పున, దక్షిణాన సెరాడో అనే సవన్నా నేల ఉంది. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. చూడ్డానికి గిడస చెట్లు, గడ్డి. వేళ్లు మాత్రం చాలా లోతుకు వెళ్తాయి, వాన నీటిని నేలలోకి దింపుతాయి. బ్రెజిల్‌లోని పెద్ద నదీ పరీవాహక ప్రాంతాలు 12 అయితే వాటిలో 8 నదులకు నీరు ఈ సెరాడో నుంచే మొదలవుతుంది. ఈ నేల మీది సహజమైన చెట్టూ చేమా సగానికి దగ్గరగా ఇప్పటికే పోయింది. మిగిలిన దాంట్లో దున్నకానికి వీలుగా ఉన్న భాగం ఎక్కువగా మరాన్యావ్, టోకాంటిన్స్, పియౌయీ, బహియా అనే నాలుగు రాష్ట్రాలు కలిసేచోట ఉంది. ఆ నాలుగు పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి మాటోపిబా అని పేరు పెట్టారు. 2015 మే నెలలో బ్రెజిల్ ప్రభుత్వం డిక్రీ జారీ చేసి దాన్ని వ్యవసాయాభివృద్ధి ప్రాంతంగా ప్రకటించింది. 337 మున్సిపాలిటీలు, 7 కోట్ల 30 లక్షల హెక్టార్లు.

దక్షిణ పియౌయీలో నేల రెండు అంతస్తులుగా ఉంటుంది. పైన బల్లపరుపుగా పీఠభూమి, షపాడా అంటారు. కింద లోయలు, వాటిలో ఊటనీటితో ఏడాది పొడుగునా తడిగా ఉండే పల్లపు నేలలు. గమేలాలు, వాళ్లతో పాటు తరతరాలుగా ఉంటున్న ఇతర సంప్రదాయ కుటుంబాలు ఇళ్లు కట్టుకున్నదీ, వరి, చిక్కుళ్లు, కర్రపెండలం వేసుకున్నదీ ఈ తడి నేలల్లో. పీఠభూమి ఊరుమ్మడి. పశువులు మేసేదక్కడ, అడవి పండ్లు ఏరుకునేదక్కడ, మందు మొక్కలు, వేట అక్కడ. కంచెలు లేవు, పట్టాలు లేవు. ప్రభుత్వ దస్త్రాల్లో అది ఎవరికీ ఇవ్వని సర్కారు భూమి. మన పోరంబోకు, బంజరు అన్న మాటలు మీ నాన్నగారి దగ్గర అంటే ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఆ తడి నేలల్లో బురిటీ అనే చెట్టు పెరుగుతుంది. తాటి జాతిదే, ఆకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. వేళ్లు ఎప్పుడూ నీళ్లలో ఉండాలి దానికి. ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉండే కాయలోంచి నారింజ రంగు గుజ్జు తీసి పాకం పట్టి మిఠాయి చేస్తారు. ఆకులతో ఇల్లు కప్పుకుంటారు, నారతో బుట్టలు, చాపలు అల్లుతారు. బురిటీ ఉందంటే అక్కడ ఊట ఉన్నట్టు. పైన పీఠభూమి మీద చెట్లు కొట్టేసి సోయా వేశాక, నేలలోకి దిగే నీరు తగ్గి కింద ఊటలు సన్నబడుతున్నాయని, బురిటీలు ఎండిపోతున్నాయని ఆ ఊళ్లవాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. పొలాల్లో కొట్టిన మందు గాలికీ వానకూ కిందికి దిగుతోందని, పైన మందు కొట్టగానే పురుగంతా తమ చిన్న మడుల మీద పడుతోందని, వాగుల్లో చేపలు చచ్చి తేలుతున్నాయని చెబుతున్నారు. 2017 సెప్టెంబర్‌లో ఫియాన్ అనే అంతర్జాతీయ సంస్థ, బ్రెజిల్‌లోని సామాజిక న్యాయ సంస్థ హెజీ సోసియావ్, కాథలిక్ చర్చికి అనుబంధమైన భూమి కమిషన్ సీపీటీ, మరికొందరు కలిసి ఆ ఊళ్లన్నీ తిరిగి ఈ మాటలను నివేదికగా రాశారు.

అయితే పెన్షన్ ఫండ్లు అంత దూరం ఎందుకు వెళ్లాయి? 2007, 2008లో ఆహార ధాన్యాల ధరలు ప్రపంచమంతా భగ్గుమన్నాయి. షేర్ మార్కెట్లు కూలాయి, వడ్డీ రేట్లు పడిపోయాయి. పాతిక ముప్పై ఏళ్ల తర్వాత పెన్షన్ చెల్లించాల్సిన సంస్థలకు, షేర్లు పడినా పడకుండా, ద్రవ్యోల్బణంతో పాటు ధర పెరిగే ఆస్తి కావాలి. పొలం అలాంటిదే. టీఐఏఏ 2007లో పొలాల్లోకి దిగింది. 2008లో బ్రెజిల్ చక్కెర కంపెనీ కొసాన్‌తో కలిసి రదార్ అనే భూముల కంపెనీ పెట్టింది. 2012లో ఇతర సంస్థల డబ్బు కూడా కలుపుకొని 200 కోట్ల డాలర్లతో ఒక ఫండ్, 2015లో 300 కోట్ల డాలర్లతో మరొకటి ప్రారంభించింది. స్వీడన్, కెనడా పెన్షన్ సంస్థలు వాటిలో భాగస్వాములయ్యాయి. రదార్ భూముల్లో ఎక్కువ భాగం సావ్ పావులో వైపు చెరకు నేలలే, అవన్నీ తగాదా భూములని ఎవరూ అనడం లేదు. తగాదా ఉన్నది మరాన్యావ్, పియౌయీ వైపు కొన్నవాటి మీద.

ఈ వ్యాపారంలో లాభం ఎక్కడ పుడుతుందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ కంపెనీలు సాధారణంగా తామే దున్నవు. పొలం కొని సోయా రైతులకో చెరకు మిల్లులకో కౌలుకు ఇస్తాయి, కొన్నాళ్లకు అమ్ముతాయి. కౌలు వస్తుంది, కానీ పెద్ద లాభం భూమి ధర పెరగడంలో ఉంటుంది. మరి భూమి ధర ఎప్పుడు ఒక్కసారిగా ఎగురుతుంది? పట్టా లేని, చెట్లున్న, ఊళ్లు వాడుకునే నేల, పట్టా ఉన్న, చెట్లు లేని, ట్రాక్టర్ దిగే నేలగా మారినప్పుడు. ఆ మార్పిడి చేసేది పెన్షన్ ఫండ్ కాదు. ముందుగా ఒక స్థానిక మనిషి వస్తాడు. దొంగ కాగితమో, పాత కాగితం మీద హద్దులు సాగదీసిన సర్వేనో, రిజిస్ట్రార్ ఆఫీసులో మనిషినో పట్టుకుని పీఠభూమిని తన పేర రాయించుకుంటాడు. మనుషుల్ని పెట్టి ఊరివాళ్లను పైకి రాకుండా బెదిరిస్తాడు. కంచె వేస్తాడు, చెట్లు కొట్టిస్తాడు. ఆ తర్వాత ఒకరికి అమ్ముతాడు, వాళ్లు ఇంకొకరికి. నాలుగైదు చేతులు మారి చివరికి లాయర్లూ ఆడిటర్లూ ఉన్న పెద్ద కంపెనీ దగ్గరికి వచ్చేసరికి కాగితం తెల్లగా మెరుస్తుంది. ఈ చివరి కొనుగోలుదారు ఎవరినీ బెదిరించి ఉండకపోవచ్చు. కానీ చివర్లో మంచి ధర ఇచ్చేవాడు ఉన్నాడన్న ఆశే మొదటివాణ్ని కంచె వేయిస్తుంది. నా అభిప్రాయంలో ఇది ఎక్కడో పొరపాటున జరిగే సంగతి కాదు, ఆ లాభంలో కలిసే ఉంది.

2015 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఈ విషయాన్ని పెద్ద కథనంగా ప్రచురించింది. భూకబ్జా ఆరోపణలు ఎదుర్కొంటున్న ఒక వ్యాపారితో ముడిపడిన పొలాలను టీఐఏఏ వాటా ఉన్న కంపెనీ కొన్నదని అందులోని ప్రధానాంశం. విదేశీయులు భూమి కొనడంపై బ్రెజిల్‌లో 1971 నుంచి చట్టం ఉంది. విదేశీయుల అదుపులో ఉన్న బ్రెజిల్ కంపెనీలకు కూడా ఆ పరిమితి వర్తిస్తుందని 2010లో అక్కడి అటార్నీ జనరల్ కార్యాలయం తేల్చింది. ఆ తర్వాత ఓటు హక్కు స్థానిక భాగస్వామి చేతిలో, డబ్బు విదేశీ ఫండ్‌ది అన్నట్టుగా కంపెనీలు అల్లి కొనుగోళ్లు సాగించారన్నది రెండో ఆరోపణ. బినామీ అంటే ఏమిటో తెలిసిన మనకు ఇది వివరించక్కర్లేదు. టీఐఏఏ ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. చట్టప్రకారమే కొన్నామని, టైటిల్ క్షుణ్ణంగా పరిశీలించాకే కొంటామని చెప్పింది. ఇదీ చెప్పాలి: పొలాల్లో బాధ్యతగా పెట్టుబడి పెడతామంటూ 2011లో కొన్ని పెన్షన్ సంస్థలు ప్రకటించిన సూత్రాల మీద మొదట సంతకం చేసినవాటిలో టీఐఏఏ ఉంది. బ్రెజిల్‌లో అడవి కొట్టిన భూమి కొనబోమని 2018లో విధానం కూడా ప్రకటించింది. మరోపక్క 2016లో పియౌయీలోని బోం జెజూస్ వ్యవసాయ కోర్టు, ఇదే వ్యాపారికి సంబంధించిన భూముల రిజిస్ట్రేషన్లను లక్ష హెక్టార్లకు పైగా నిలిపివేసింది. అంటే రిజిస్ట్రేషన్ అయిపోయినంత మాత్రాన కాగితం పక్కా కాదని అక్కడి న్యాయమూర్తే అన్నట్టు.

అడవి నిబంధన గురించి ఒకటి చెప్పాలి, చాలామంది గమనించనిది ఇది. బ్రెజిల్ అటవీ చట్టం ప్రకారం పొలం యజమాని కొంత భాగం సహజంగా వదిలేయాలి. పియౌయీ సెరాడోలో అది 20 శాతం. పీఠభూమి మీది చదును నేల ఒక్క సెంటు కూడా వదలడం ఇష్టం లేని యజమాని ఏం చేస్తాడు? కింద లోయ వాలును, అక్కడి తడి నేలను తన రిజర్వుగా చూపిస్తాడు. ఎలాగూ ట్రాక్టర్ దిగదు కదా. ఈ రిజర్వులు నమోదయ్యే రిజిస్ట్రీలో వివరాలు ఎవరికి వారు ప్రకటించుకునేవే. అలా కాగితం మీద రిజర్వ్ అయిన చోట మనుషులున్నారు, వాళ్ల వరి మడులున్నాయి, బురిటీలున్నాయి. పైనున్నది సోయాకి పోయి, కిందున్నది పర్యావరణం పేరుతో పోతే గమేలాలకు మిగిలేది ఏమిటి? పొలం మీద ఒక్క చెట్టు కూడా కొట్టలేదని కంపెనీ నిజమే చెబుతున్నా, ఈ నష్టం ఆ మాటలో కనబడదు.

పియౌయీలో ఆదివాసులే లేరని చాలా కాలం ప్రభుత్వ పుస్తకాల్లో రాసుకున్నారు. దాడులకు, చిన్నచూపుకు జడిసి గమేలాలు తాము గమేలాలమని చెప్పుకోవడం మానేశారు. ఇప్పుడు మళ్లీ చెప్పుకుంటుంటే, భూమి కోసం కొత్తగా పుట్టుకొచ్చారని వాళ్లను ఎగతాళి చేస్తున్నారు. 1988 రాజ్యాంగంలోని 231వ అధికరణ ఆదివాసులకు తాము సంప్రదాయంగా ఉంటున్న భూమి మీద హక్కు ఇచ్చింది. ఆదివాసుల్ని ముందుగా సంప్రదించాలనే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 169వ ఒడంబడికను బ్రెజిల్ 2002లో ఆమోదించింది. సంప్రదాయ సమూహాలన్నిటినీ గుర్తిస్తూ 2007లో డిక్రీ వచ్చింది. చట్టాలకు కొదవ లేదు. హద్దులు వేసి పట్టా చేతికి ఇవ్వడమే నత్తనడక. ఈలోగా సోయా ఆగదు.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. ఆయన ఏ జిల్లాలో చేశారో రాయలేదు మీరు. ఎక్కడ చేసినా 1/70 ఆయనకు తెలియకుండా ఉండదు. 1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ అది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని అందరూ చెప్పుకుంటారు. అందులో ఇంకో అంశం ఉంది, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదు అంటే, కాదని నిరూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. అంటే కోయ రైతు చేతిలో కాగితం లేదు కాబట్టి అతను ఓడిపోవాలి అన్న లెక్కను ఆ చట్టం తిరగేసింది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. 1997లో సమతా తీర్పులో ప్రైవేటు కంపెనీలకు లీజులు కూడా చెల్లవని ఇంకో అడుగు వేసింది. చట్టం ఉన్నా ఏజెన్సీలో ఎంత భూమి గిరిజనేతరుల చేతుల్లోనే ఉందో మనకు తెలుసు, అమలు గురించి గొప్పలు చెప్పడానికి ఏమీ లేదు. కానీ ప్రశ్న ఎవరి మీద వేయాలో ఆ చట్టం సరిగ్గా గుర్తించింది. పియౌయీలో దీనికి తలకిందులుగా ఉంది పరిస్థితి. అడవిలోంచి వచ్చిన ముసలాయన తాత ముత్తాతల నుంచి ఇక్కడే ఉన్నామని నిరూపించుకోవాలి, పెట్టుబడి కంపెనీ మాత్రం నిన్నటి రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే చాలు.

మీరు అడగాల్సింది కూడా ఇదే. కాగితం చూపించాల్సింది కంపెనీ. మీరు దాని ఖాతాదారు, అడిగే స్థానం మీకుంది. గమేలాలకు ఆ స్థానం లేదు.

డబ్బు తీసేయడం గురించి ఎందుకు వద్దన్నానో చెబుతాను. మీ స్టేట్‌మెంట్ తెరిచి డబ్బు ఏ పేరు కింద ఉందో చూడండి. టీఐఏఏ ట్రెడిషనల్ అని ఉంటే అది కంపెనీ జనరల్ అకౌంట్‌లోకి చేరుతుంది. కనీస వడ్డీకి గ్యారంటీ ఇచ్చి, ఆ డబ్బును బాండ్లు, అప్పులు, భవనాలు, పొలాలు, అడవుల్లో కంపెనీ తన ఇష్టప్రకారం పెడుతుంది. పొలాలు వద్దు, మిగతావి చాలు అనే వీలు మీకు లేదు. క్రెఫ్ అని మొదలయ్యే ఖాతాలు వేరు, అవి షేర్లు, బాండ్లు. ట్రెడిషనల్‌లోంచి క్రెఫ్ స్టాక్‌కి మార్చుకుంటే పొలాల నుంచి మీ పేరు తొలగుతుంది కదా అనిపిస్తుంది. కానీ మార్కెట్ మొత్తాన్ని పట్టుకునే షేర్ ఫండ్ అంటే ధాన్యం కొనే బంగీ, ఏడీఎం లాంటి కంపెనీలు కూడా అందులో ఉంటాయి. బంగీకి పియౌయీలోని ఉరుసుయీలోనే సోయా ఫ్యాక్టరీ ఉంది. ఒక గదిలోంచి లేచి పక్క గదిలో కూర్చున్నట్టే. పైగా ట్రెడిషనల్‌లో కొన్ని రకాల కాంట్రాక్టుల నుంచి డబ్బు ఒక్కసారిగా రాదు, ఏళ్ల తరబడి వాయిదాల్లోనే వస్తుంది. మీ కాంట్రాక్టు ఏ రకమో హెచ్ఆర్‌లో కనుక్కోకుండా ఏదీ కదపకండి. ఉద్యోగం మానకుండా పూర్తిగా వెనక్కి తీసుకోవడం చాలా ప్లాన్లలో కుదరదు, కుదిరినా పన్నూ జరిమానా ఉండొచ్చు. అంత చేసి మీరు నిశ్శబ్దంగా తప్పుకుంటే పియౌయీలో ఒక్క కంచె కదలదు, అడిగే ఖాతాదారు ఒకరు తగ్గుతారు. ఎప్పుడో వయసుతో పాటు డబ్బు సర్దుకునేటప్పుడు మార్చుకోండి, అది మీ ఇష్టం. దాన్ని సమాధానం అనుకోకండి.

మరి ఏం చేయాలి? ఒక ఉత్తరం రాయండి. కోపంతో కాదు, మీ నాన్నగారు ఫైలు మీద రాసే నోట్‌లాగా. మరాన్యావ్, పియౌయీ, టోకాంటిన్స్, బహియాలలో జనరల్ అకౌంట్‌కు, టీఐఏఏ పెట్టుబడుల విభాగం నువీన్ నడిపే ఫండ్లకు వాటా ఉన్న ప్రతి పొలం పేరు, మున్సిపాలిటీ, హద్దులు ఏమిటని అడగండి. ప్రతి పొలం సర్కారు భూమి నుంచి ప్రైవేటు చేతికి మొదట ఎలా వచ్చిందో, అక్కడి నుంచి కంపెనీ దాకా ఎన్ని చేతులు మారిందో లింకు డాక్యుమెంట్లన్నీ బయటపెట్టమనండి. కొన్నప్పుడు ఆ నేల మీద, చుట్టూ లోయల్లో ఎవరుంటున్నారో కంపెనీ మనుషులు స్వయంగా వెళ్లి చూశారా, చూస్తే ఏం రాశారు? రిజర్వుగా చూపించిన భాగంలో ఇళ్లు, మడులు ఉన్నాయా? ఇప్పటికే అమ్మేసిన పొలాల మాటేమిటి, అమ్మితే బాధ్యత తీరినట్టేనా? ఈ చివరి ప్రశ్న తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే తగాదా ముదిరిన పొలాన్ని అమ్మేసి మా దగ్గర ఏమీ లేదనడం తేలిక. ఊరివాళ్లు పోర్చుగీసులో, భయం లేకుండా ఫిర్యాదు చేసే దారి ఉందో లేదో కూడా అడగండి. మీరు స్టాటిస్టిక్స్ మనిషి, కంపెనీ ఏటా వేసే సుస్థిరత నివేదికలో మొత్తాలు, సగటులే ఉంటాయని మీకు చెప్పక్కర్లేదు. సగటు మనకు అక్కర్లేదు. పొలం పొలానికీ లెక్క కావాలి.

ఒంటరిగా రాస్తే మర్యాదగా ఒక సమాధానం వస్తుంది, అంతే. అందుకని మీ డిపార్ట్‌మెంటులో టెన్యూర్ ఉన్న ఒక సీనియర్‌ని ముందుపెట్టండి. టీఐఏఏ పెట్టుబడుల మీద ప్రొఫెసర్లు కలిసి కదలడం కొత్తేమీ కాదు. 2022లో దాదాపు 300 మంది ఖాతాదారులు ఐక్యరాజ్యసమితి మద్దతుతో నడిచే బాధ్యతాయుత పెట్టుబడుల వేదికకు ఫిర్యాదు చేశారు. ప్రొఫెసర్ల ప్రతినిధుల సభ అయిన ఫ్యాకల్టీ సెనేట్‌లో తీర్మానం పెట్టొచ్చు. మీ ప్లాన్‌లో ఏ ఫండ్లు ఉండాలో నిర్ణయించే కమిటీ యూనివర్సిటీలోనే ఉంటుంది, కంపెనీ ఎక్కువగా వినేది ఆ కమిటీ మాటే, వేల ఖాతాలు వాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి. గ్రీన్‌కార్డు గురించి మీ భయం నాకర్థమైంది. మీ డబ్బు ఎక్కడ పెట్టారని ఖాతాదారుగా అడగడం ఏ ఖాతాదారైనా చేసేదే. అయినా మనసులో గుబులుంటే సెనేట్‌లో మాట్లాడే పని వేరేవాళ్లకు వదిలి, ప్రశ్నలు తయారుచేసే పని, వచ్చిన జవాబుల్లో లెక్కలు సరిచూసే పని మీరు తీసుకోండి. నిజం చెప్పాలంటే ఆ పని చేయగలిగేవాళ్లే తక్కువ.

మీవారితో ఒక మాట. వాటా చిన్నదే, నిజమే. అందరి చిన్న వాటాలు కలిపితేనే ఆ 200 కోట్లు, 300 కోట్లు. అసలు పెన్షన్ ఫండ్ అంటేనే అది. ఇది అమెరికా వాళ్ల వ్యవహారమే, మనం ఇరుక్కున్నాం అని కూడా ఆయన అనుకోకూడదు. బెంగళూరు కంపెనీ కరుటూరి గ్లోబల్ 2010లో ఇథియోపియాలోని గాంబెల్లాలో లక్ష హెక్టార్లు 50 ఏళ్ల లీజుకు తీసుకుంది. ఏడాదికి హెక్టారుకు 20 బిర్‌లు, అంటే అప్పటి లెక్కన డాలరు పైచిలుకు. ఆ నేల అన్యువాక్ ప్రజలు పంటలు వేసుకున్నది, వేటాడినది. ఆ సంవత్సరాల్లోనే గాంబెల్లాలో ప్రజల్ని బలవంతంగా కొత్త ఊళ్లకు తరలించారని 2012లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. బారో నది వరదకు మొక్కజొన్న పోయింది, లీజు భూమిలో చాలా భాగం సాగులోకే రాలేదు, 2015 చివర్లో ఇథియోపియా ప్రభుత్వం లీజు రద్దు చేసింది. ఆ కంపెనీ షేర్లు మన దేశంలో మనలాంటివాళ్లే కొన్నారు.

విరాళం సంగతి. పంపాలనిపిస్తే పంపండి, మంచిదే. నేను పైన చెప్పిన సీపీటీ 1975 నుంచి పల్లెల్లో పనిచేస్తోంది, భూతగాదాల లెక్కలు ఏటా ప్రచురిస్తోంది. బ్రెజిల్‌లో ఈ విషయంలో నమ్మదగ్గ లెక్కలంటే అవే. కానీ విరాళం పంపి ఉత్తరం మానేయకండి. ఆ ఊళ్లు అడిగేది ముందుగా రెండే: తమ నేలకు ఉమ్మడి పట్టా, తగాదా తేలేదాకా కొత్త కొనుగోళ్లు ఆపడం. ఈ రెండోదాంట్లో మీరు, మీ తోటి ఖాతాదారులు చేయగలిగింది ఉంది.

ఇక ఆ అమ్మాయి. ఆమె మీ విద్యార్థిని, మీ దగ్గర మార్కులు తీసుకోవాల్సిన మనిషి. అయినా ధైర్యం చేసి చెప్పింది. సంజాయిషీ ఇవ్వకండి, నేనెంత బాధపడుతున్నానో అని కూడా చెప్పకండి, ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. మీరు చెప్పింది విన్నాను, చదివాను, ఇలా రాయబోతున్నాను అని చెప్పండి. ఉత్తరం చిత్తు ప్రతి ఆమెకు చూపించండి, అయితే సంతకం మాత్రం అడగకండి, ఆ భారం విద్యార్థి మీద వేయడం న్యాయం కాదు. ఆమె మ్యాపులో ఊళ్ల పేర్లు ఉంటాయి. వాటిని మీ ఉత్తరంలోకి ఎత్తి రాసే ముందు, ఆ ఊళ్లవాళ్లకు ఇష్టమో కాదో ఆమె ద్వారా గానీ సీపీటీ ద్వారా గానీ కనుక్కోండి. అక్కడ బెదిరింపులు మామూలే, మీరు ఇక్కడ రాసిన పేరు ఎవరి ఇంటి ముందు ఎవరిని నిలబెడుతుందో మనం ఊహించలేం. వాళ్లు వద్దంటే మున్సిపాలిటీ పేరుతో ఆపండి. సరేనంటే, కంపెనీ నుంచి ఏ జవాబు వచ్చినా దాన్ని పోర్చుగీసులో వాళ్లకు చేర్చే ఏర్పాటు ముందే చేసుకోండి. వాళ్ల నేల గురించి కంపెనీ ఏం చెప్పిందో మీకంటే ముందు తెలియాల్సింది వాళ్లకి.